మానాలనుకునేవారికి ఆసరా: పొగాకు మానిపించే సేవలకు ప్రభుత్వ ధనం ఎందుకు?

సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద, ఖైనీ పొట్లం మీద భయం గొలిపే బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ హెచ్చరిక పెట్టె ముందు వెనుకల 85 శాతం మేర కనిపించాలన్న నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బొమ్మను మనమందరం చూసే ఉంటాం. 2018 సెప్టెంబరు నుంచి ఆ బొమ్మతోపాటు ఒక ఫోన్ నంబరు కూడా అచ్చవుతోంది: 1800-11-2356. మానేయాలనుకునేవారు ఈ నంబరుకు ఫోన్ చేయాలని దాని అర్థం.

ఫోన్ చేస్తే అవతల ఎవరు పలుకుతారు? వారికి జీతం ఎవరిస్తారు? ఒక మనిషి తన ఇష్టంతో పట్టుకున్న అలవాటును మాన్పించడానికి ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలి? తరగతి గదిలో పొగాకు మీద వ్యాసం రాయమంటే మన పిల్లలు దాని దుష్ఫలితాలన్నీ చక్కగా రాస్తారు. మానడానికి సాయం ఎక్కడ దొరుకుతుందో మాత్రం చాలా వ్యాసాల్లో ఉండదు. ఆ లోటు కొంతైనా తీర్చడానికే ఈ వ్యాసం.

ఎంతమంది? ఎన్ని రూపాలు?

మన దేశంలో పెద్దల పొగాకు వాడకం మీద జాతీయ స్థాయి సర్వే 2009-10లో ఒకసారి, 2016-17లో మరోసారి జరిగింది. మొదటి సర్వేలో పదిహేనేళ్లు దాటినవారిలో 34.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. రెండో సర్వే నాటికి అది 28.6 శాతానికి తగ్గింది. తగ్గుదల సంతోషించదగ్గదే. అయినా ఆ 28.6 శాతం అంటే దాదాపు 26.7 కోట్ల మంది.

ఈ సంఖ్య అన్నిచోట్లా ఒకేలా లేదు. రెండో సర్వే ప్రకారం త్రిపురలో 64.5 శాతం, గోవాలో 9.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం.

రూపాలు కూడా ఒకటి కాదు. బదిలీల మీద రాష్ట్రాలు తిరిగే మనలాంటి వారికి ఇది బాగా తెలుసు. హర్యానా పల్లెల్లో హుక్కా, బీహార్‌లో అరచేతిలో నలిపే ఖైనీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో పళ్లకు రాసుకునే గుడాకు, మహారాష్ట్రలో మిశ్రీ, మిజోరంలో పొగాకు పొగ పట్టించిన నీరు తుయిబుర్. మన తెలుగు నేలలో చుట్ట, బీడీ, ముక్కుపొడి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అనే అలవాటు ఉంది. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఆడవారిలో, అందులోనూ పెద్ద వయసువారిలో ఇది ఎక్కువ. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగలడంతో అక్కడ పుండ్లు, కాన్సర్ వస్తాయని మన వైద్యులు ఎన్నో దశాబ్దాలుగా చెబుతున్నారు.

దేశం మొత్తం మీద పొగ తాగేవారు 10.7 శాతం కాగా, నమిలేవారు, పీల్చేవారు, పళ్లకు రాసుకునేవారు 21.4 శాతం. రెండూ చేసేవారు రెండు లెక్కల్లోనూ ఉంటారు. కాబట్టి మాన్పించే సేవ అంటే సిగరెట్ మాన్పించే సేవ ఒక్కటే అనుకోకూడదు.

ఇష్టమా? బానిసత్వమా?

"తాగమని ఎవరు చెప్పారు? మానేస్తే పోయేదానికి సర్కారు సాయం ఎందుకు?" అన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. దీనికి జవాబు నికోటిన్ స్వభావంలో ఉంది.

పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనం విడుదలై హాయి కలుగుతుంది. కొంతసేపటికి నికోటిన్ తగ్గి, చిరాకు, అసహనం, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. మరో బీడీ వెలిగిస్తే అవి తగ్గుతాయి. "బీడీ తాగితే గాని బుర్ర పనిచేయదు" అనే మాటలో నిజం ఇంతవరకే. ఆ బీడీ తీర్చే బాధ అంతకు ముందు బీడీ పెట్టినదే.

మానిన మొదటి వారం అన్నిటికన్నా కష్టం. ఈ బాధలు ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. ఆ కొద్ది వారాలు దాటించే తోడు లేకపోవడమే అసలు ఇబ్బంది. ఏ సాయమూ లేకుండా ఒకసారి మానే ప్రయత్నం చేసినవారిలో ఆరు నెలలకో, ఏడాదికో కూడా మానే ఉన్నవారు నూటికి ముగ్గురు నుంచి ఐదుగురే. సలహాదారుల సాయం, సరైన మందులు తోడైతే ఈ అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరో సంగతి. అలవాటు చాలామందికి చిన్న వయసులోనే అంటుకుంటుంది. 2019లో పదమూడు నుంచి పదిహేనేళ్ల బడి పిల్లల మీద చేసిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక పొగాకు వాడుతున్నట్టు తేలింది. పద్నాలుగేళ్లప్పుడు సరదాకు మొదలుపెట్టినవాడు నలభై ఏళ్లకు మానలేకపోతే, అది వాడి ఇష్టమని తేల్చేయడం న్యాయం కాదు. మానాలన్న కోరిక లేదనడమూ నిజం కాదు. 2016-17 సర్వేలో పొగ తాగేవారిలో 55.4 శాతం మంది మానాలని అనుకుంటున్నట్టో, ఆలోచిస్తున్నట్టో చెప్పారు. సగానికి పైగా మందికి కోరిక ఉంది, దారి కావాలి.

డబ్బు ఎటునుంచి వస్తుంది?

మన దేశంలో మాన్పించే క్లినిక్కులు 2002లో మొదలయ్యాయి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మొదట 13 చోట్ల వీటిని పెట్టాయి. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2004లో భారతదేశం పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. మానాలనుకునేవారికి సలహా, చికిత్స అందేలా చూడటం సభ్యదేశాల బాధ్యత అని ఆ ఒప్పందం 14వ అధికరణం చెబుతుంది. అంటే ఈ సాయం మన దేశం మాట ఇచ్చి ఒప్పుకున్న పని.

ఆ మాట నిలబెట్టుకోవడానికి 2007-08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. మొదట 9 రాష్ట్రాల్లో 18 జిల్లాలు, తర్వాత 21 రాష్ట్రాల్లో 42 జిల్లాలు, ఆపైన 600 పైచిలుకు జిల్లాలు దీని పరిధిలోకి వచ్చాయి. ప్రస్తుతం దీనికి డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వస్తుంది. ప్రతి రాష్ట్రం తన అవసరాలతో ఒక ప్రణాళిక తయారుచేసి పంపుతుంది. కేంద్రం దాన్ని పరిశీలించి ఆమోదిస్తుంది. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఈశాన్య రాష్ట్రాల్లో, హిమాలయ రాష్ట్రాల్లో కేంద్రం వాటా 90 శాతం.

ఈ డబ్బుతో రాష్ట్రంలో ఒకటి, జిల్లాకు ఒకటి చొప్పున పొగాకు నియంత్రణ విభాగాలు నడవాలి. జిల్లా ఆసుపత్రిలో మాన్పించే కేంద్రం ఉండాలి. అందులో సలహాదారు ఉండాలి, మందులు ఉండాలి. బడుల్లో అవగాహన కార్యక్రమాలు జరగాలి. ఈ వ్యవస్థలో ఒక సూక్ష్మం ఉంది. రాష్ట్రం అడగందే కేంద్రం నుంచి డబ్బు రాదు. అడిగి తెచ్చుకున్నా, సలహాదారు పోస్టు ఖాళీగా ఉంటే ఆ డబ్బు మనిషిని చేరదు. కాగితం మీద కేంద్రం ఉన్నంత మాత్రాన గదిలో మాట్లాడే మనిషి ఉన్నట్టు కాదు.

ఆ గదిని చేరే తోవలు మరికొన్ని కూడా ఏర్పడ్డాయి. గ్రామంలో ముప్పై ఏళ్లు దాటినవారి వివరాలు ఆశా కార్యకర్త నమోదు చేసేటప్పుడు పొగాకు అలవాటు ఉందా అని అడుగుతుంది. క్షయ రోగులను కూడా ఈ ప్రశ్న అడగాలని 2017లో రెండు కార్యక్రమాలను కలిపారు. దంత వైద్య కళాశాలల్లో మాన్పించే కేంద్రాలు పెట్టడానికి 2018లో మార్గదర్శకాలు వచ్చాయి. పన్ను నొప్పితో వచ్చిన మనిషి నోరు తెరవగానే గుట్కా గుర్తులు కనిపించేది అక్కడే కదా.

ఫోన్ అవతల ఎవరు?

పెట్టె మీది ఆ నంబరు జాతీయ క్విట్‌లైన్‌ది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇది మొదలైంది. తర్వాత ముంబైలోని టాటా మెమోరియల్, గువాహటిలోని బరువా కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని నిమ్హాన్స్ కూడా తోడయ్యాయి. దక్షిణాది భాషల బాధ్యత నిమ్హాన్స్‌ది. తెలుగులో మాట్లాడదలచినవారు తెలుగులోనే మాట్లాడవచ్చు. కాల్ ఉచితం.

భాష సంగతి చిన్నది కాదు. తన బలహీనతను పరాయి భాషలో చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అస్సాంలోనో, రాజస్థాన్‌లోనో ఉద్యోగం చేస్తున్న తెలుగు మనిషి "పొద్దున్నే టీ తాగగానే ప్రాణం పీకుతుందండీ" అని చెప్పుకోవాలంటే ఆ మాట అవతలివారికి అనువాదం లేకుండా అర్థం కావాలి.

సలహాదారు మందలించరు. ఎన్నాళ్ల అలవాటు, రోజుకు ఎన్ని, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది, ఏ సందర్భాల్లో మనసు లాగుతుంది అని అడుగుతారు. మానడానికి ఒక తేదీ పెట్టుకోమంటారు. మనసు లాగినప్పుడు చేయవలసిన నాలుగు పనులు చెబుతారు: కాసేపు వాయిదా వేయడం, నెమ్మదిగా నీళ్లు తాగడం, గాఢంగా ఊపిరి తీసుకోవడం, వేరే పనిలో పడటం. ఆ లాగుడు చాలావరకు కొద్ది నిమిషాల్లో పోతుంది. తర్వాత వారే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటారు. ఫోన్‌లో మాట్లాడటానికి మొహమాటపడేవారు 011-22901701కు మిస్డ్ కాల్ ఇచ్చి పేరు నమోదు చేసుకుంటే ఫోన్‌కు సందేశాలు వచ్చే పథకం కూడా 2016లోనే మొదలైంది.

అలవాటు బలంగా ఉన్నవారికి మందులు ఉన్నాయి. నికోటిన్ గమ్, ప్యాచ్ శరీరానికి పొగలోని విషాలేవీ లేకుండా కొద్దికొద్దిగా నికోటిన్ ఇచ్చి, క్రమంగా తగ్గిస్తూ వస్తాయి. బుప్రోపియన్, వరెనిక్లిన్ వైద్యుడి సలహాతోనే వాడాలి. 2022లో కేంద్రం ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ చికిత్స చేరింది. ఇది ముఖ్యమైన మలుపు. ప్రభుత్వ ఆసుపత్రులు ఏ మందులు నిల్వ ఉంచుకోవాలో నిర్ణయించుకోవడానికి ఆ జాబితా ఆధారం. సలహా ఉచితంగా దొరికి, మందు మాత్రం బయట కొనుక్కోవలసి వస్తే రోజుకూలీ ఆ దుకాణం దగ్గరే ఆగిపోతాడు. బీడీ కట్ట చవక, గమ్ ఖరీదు. ఈ తేడాను పూడ్చగలిగేది ప్రభుత్వమే.

ఖర్చా? పొదుపా?

ఇప్పుడు అసలు లెక్క. 2017-18లో పొగాకు వల్ల వచ్చే జబ్బుల చికిత్స, పని నష్టం, అకాల మరణాలు కలిపి దేశం మీద పడిన భారం 1,77,341 కోట్ల రూపాయలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం లెక్కగట్టింది. ఇది దేశ స్థూల ఆదాయంలో దాదాపు ఒక శాతం. పొగాకు మీద ఎక్సైజ్ పన్నుగా వచ్చే ప్రతి 100 రూపాయలకు సమాజం 816 రూపాయలు పోగొట్టుకుంటోందని కూడా అదే అధ్యయనం చెప్పింది. పొగాకు వల్ల ఖజానాకు లాభం అనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

ప్రభుత్వం ఈ ఖర్చు ఇప్పటికే పెడుతోంది, కాకపోతే చివర్లో పెడుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. నోటి కాన్సర్ శస్త్రచికిత్సకు, గుండెకు స్టెంట్‌కు డబ్బిచ్చే ప్రభుత్వం, ఆ జబ్బు రాకుండా ముందే ఒక సలహాదారుకు జీతం, ఒకరికి కొన్ని వారాల మందు ఇవ్వడం వృథా ఎలా అవుతుంది?

కుటుంబం లెక్క ఇంకా సులువు. రోజుకు 30 రూపాయలు పొగాకుకు పోతే ఏడాదికి 10,950 రూపాయలు. కూలి పని చేసే ఇంట్లో అది పిల్లల పుస్తకాల డబ్బు, బట్టల డబ్బు. పైగా ఇంట్లో ఒకరు తాగితే పొగ అందరూ పీలుస్తారు. ఇతరుల పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా చనిపోతున్నారు. వారెవరూ అగ్గిపుల్ల గీయలేదు.

ఆలస్యమైందని మానుకోవలసిన పని కూడా కాదిది. మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు తాగేవారితో పోలిస్తే సగానికి తగ్గుతుంది. ముప్పై ఏళ్లకు మానితే దాదాపు పదేళ్ల ఆయుష్షు కలిసొస్తుంది. నలభైకి మానితే తొమ్మిది, యాభైకి మానితే ఆరు, అరవైకి మానినా మూడేళ్లు.

పొరుగువారి అనుభవం

థాయ్‌లాండ్ 2001లో పొగాకు, మద్యం మీద పన్నుకు అదనంగా 2 శాతం విధించి, ఆ డబ్బు ఆరోగ్య ప్రచారానికే వెళ్లేలా ప్రత్యేక నిధి పెట్టింది. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం పన్నులు పెంచి, వచ్చిన అదనపు ఆదాయంలో అధిక భాగాన్ని పేదల ఆరోగ్య బీమాకు కేటాయించింది. ఇంగ్లండ్‌లో మాన్పించే సేవలు 2000 నాటికి దేశమంతా విస్తరించాయి. 2013లో వాటి బాధ్యత స్థానిక సంస్థలకు మారింది. ఆ తర్వాత నిధులకు కోతలు పడి చాలాచోట్ల సేవలు కుంచించుకుపోయాయి. చివరకు 2024-25 నుంచి ఏడాదికి అదనంగా 7 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. సేవ పెట్టడం ఒక ఎత్తు, ఏటా డబ్బు ఆగకుండా చూడటం మరో ఎత్తు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

మనకూ ఒక ప్రత్యేక పన్ను ఉండేది. 1976 చట్టం కింద బీడీ మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో బీడీ కార్మికుల ఆసుపత్రులు, వారి పిల్లల ఉపకార వేతనాలు నడిపేవారు. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. ఇప్పుడు ఈ ఖర్చులన్నీ సాధారణ బడ్జెట్‌లో మిగతా అవసరాలతో పోటీ పడాలి.

ఇక్కడ మన రాష్ట్రాల మాట ఒకటి చెప్పుకోవాలి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం జిల్లా రైతు వర్జీనియా పొగాకు పండిస్తాడు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో వేలాది ఆడవారు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. వాడకం తగ్గాలని కోరుకునేటప్పుడు వీరికి వేరే పంట, వేరే పని చూపే ఖర్చును కూడా మనం లెక్కలో వేయాలి. తాగేవాడికి ఆసరా ఇచ్చి, చుట్టే చేతులను వదిలేస్తే పని సగమే అవుతుంది.

బడి నుంచి ఇంటికి

విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు వారికి అమ్మడమూ నేరమే. పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి బాల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల ప్రకారం మన ప్రహరీ గోడ నుంచి వంద గజాల దూరాన పసుపు గీత గీసి ఉండాలి. ఆ గీత ఉందో లేదో చూడటం ఈ వారమే చేయగల పని.

రెండో పని ఇంట్లో. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాన్నకో, తాతకో, మామయ్యకో పొగాకు దోషాల చిట్టా విప్పితే వారు తల వంచుకుంటారు, లేదా కసురుకుంటారు. ఆ దోషాలు వారికి మనకన్నా ఎక్కువ తెలుసు. "మీరు మానితే బాగుంటుంది నాన్నా. తెలుగులోనే మాట్లాడతారట, డబ్బు కట్టక్కర్లేదట" అని ఒక చీటీ మీద ఆ నంబరు రాసి ఇవ్వండి. ఒకసారి మాని మళ్లీ మొదలుపెడితే వెక్కిరించకండి. శాశ్వతంగా మానిన వారిలో చాలామంది అంతకుముందు ఎన్నోసార్లు ప్రయత్నించినవారే.

మూడో పని పౌరులుగా మనది. మన జిల్లా ఆసుపత్రిలో మాన్పించే కేంద్రం ఏ గదిలో ఉంది, అక్కడ సలహాదారు ఉన్నారా, గమ్ ఉందా అని అడగడానికి మనకు హక్కు ఉంది. ఆ గదికి కేటాయించిన డబ్బు మనదే. అడిగేవారుంటేనే ఆ గది తలుపు తెరిచి ఉంటుంది.